అమ్మినవే మిగిలాయి: షెవ్రొలే ఎస్-10 ఎలక్ట్రిక్ పికప్ సంగతి

పికప్ ముందు గ్రిల్‌లో ఒక చిన్న మూత. తెరిస్తే లోపల సన్నటి గాడి కనిపిస్తుంది. గోడకు బిగించిన చార్జర్ నుంచి లావుపాటి తీగ ఒకటి వస్తుంది. దాని చివర అట్లకాడలా చదునుగా ఉండే ప్లాస్టిక్ పలక. ఆ పలకను గాడిలోకి దూర్చితే చాలు, చార్జింగ్ మొదలవుతుంది. పలక మీద లోహపు పిన్నులు ఉండవు. కరెంటు ఒక లోహం నుంచి ఇంకో లోహానికి నేరుగా పారదు. పలకలో ఒక కాయిల్, బండిలో ఇంకో కాయిల్ ఉంటాయి. రెండూ దగ్గరకు చేరితే ఒక ట్రాన్స్‌ఫార్మర్ పూర్తయినట్టు. వానలో తడుస్తూ చార్జింగ్ పెట్టినా షాక్ కొట్టదు. 1997లో జనరల్ మోటార్స్ తయారుచేసిన షెవ్రొలే ఎస్-10 ఎలక్ట్రిక్ పికప్‌కు చార్జింగ్ ఇలా పెట్టేవారు.

ఈ బండి షోరూముల్లో మామూలు జనం కోసం పెట్టింది కాదు. కరెంటు కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, సైనిక స్థావరాల లాంటి చోట్ల, ఒకే సంస్థ పేరున పదుల సంఖ్యలో తిరిగే బండ్ల కోసం చేసింది. ఇలాంటి బండ్ల సమూహాన్నే ఫ్లీట్ అంటారు. 1997, 98 రెండు మోడల్ సంవత్సరాల్లో మొత్తం 492 బండ్లు తయారయ్యాయి. అందులో దాదాపు 60 అమ్మారు, మిగతావి లీజుకిచ్చారు. లీజుకిచ్చిన వాటిలో చాలావాటిని గడువు తీరాక కంపెనీ వెనక్కి తీసుకుని తుక్కు చేసింది. ‘ఎలక్ట్రిక్ ట్రక్కు అప్పట్లోనే వచ్చింది, పనికిరాక పోయింది’ అని ఇప్పటికీ చాలామంది తేలిగ్గా అనేస్తుంటారు. లెక్కలు దగ్గర పెట్టుకుని చూస్తే సంగతి అలా కనిపించదు. పనికి తగ్గ బండే వచ్చింది. దాన్ని ఎవరి పేరున ఉంచారు, ఎందుకోసం తయారుచేశారు అన్న దగ్గర అసలు లోపం ఉంది.

ఎందుకు తయారుచేశారో ముందు చూడాలి. 1990లో కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు ఒక నియమం పెట్టింది. ఆ రాష్ట్రంలో ఎక్కువ బండ్లు అమ్మే ఏడు పెద్ద కంపెనీలు 1998 కల్లా తమ అమ్మకాల్లో 2 శాతం, 2001 కల్లా 5 శాతం, 2003 కల్లా 10 శాతం పొగ అసలే రాని బండ్లు అమ్మాలి. లాస్ ఏంజిలిస్ గాలి అప్పట్లో అంత దారుణంగా ఉండేది. ఇటు అమెరికా కేంద్ర ప్రభుత్వ స్థాయిలో 1992 ఇంధన విధాన చట్టం వచ్చింది. ప్రభుత్వ శాఖలు, ఇంధనం అమ్మే సంస్థలు కొత్తగా తీసుకునే తేలికపాటి బండ్లలో కొంత వాటా పెట్రోలుకు బదులు వేరే ఇంధనంతో నడిచేవి ఉండాలని ఆ చట్టం చెప్పింది. కేంద్ర ప్రభుత్వ ఫ్లీట్లకైతే 1999 నుంచి ఆ వాటా 75 శాతం. కరెంటు కంపెనీలు కూడా ఇంధనం అమ్మేవాళ్ల కిందికే వస్తాయి కాబట్టి ఆ నియమం వాళ్లకూ వర్తించింది. తమ సరుకుతోనే నడిచే బండి దొరికితే వాళ్లకు అంతకన్నా కావాల్సింది ఏముంటుంది?

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ చట్టం బండ్లు కొనమంది, తీసుకోమంది. ఎన్నేళ్లు నడపాలో, నడిపాక ఏం చేయాలో చెప్పలేదు. కాలిఫోర్నియా నియమం కూడా 1996లో మెత్తబడింది. 1998, 2001 గడువులు తీసేసి, దానికి బదులు 1998 నుంచి 2000 లోపు మెరుగైన బ్యాటరీలున్న 3,750 దాకా బండ్లను రోడ్డెక్కించాలని కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. అంకె నిండితే సరిపోయే బండి వేరు, ఇరవై ఏళ్లు మార్కెట్లో నిలబడాలని చేసే బండి వేరు. ఎస్-10 ఎలక్ట్రిక్ పికప్ ఈ రెంటి నడుమ నలిగింది.

బండి లోపలికి వెళ్దాం. జనరల్ మోటార్స్ దగ్గర అప్పటికే ఈవీ1 అనే రెండు సీట్ల ఎలక్ట్రిక్ కారు సిద్ధంగా ఉంది. దాని మోటారు, కంట్రోలర్, బ్యాటరీలు తీసి, చిన్న క్యాబిన్, ఆరడుగుల తొట్టి ఉన్న మామూలు ఎస్-10 పికప్‌లో కూర్చోబెట్టారు. మోటారు శక్తి 85 కిలోవాట్లు, అంటే 114 హార్స్‌పవర్. ఈవీ1లో అది 100 కిలోవాట్లకు దగ్గరగా ఉండేది. బరువు మోయాల్సిన బండి కాబట్టి ఇక్కడ తగ్గించారు. కొత్తగా డిజైన్ చేసే ఖర్చు, సమయం రెండూ కలిసొచ్చాయి. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఈవీ1 ముందు చక్రాలతో నడిచే కారు కాబట్టి ఈ పికప్ కూడా ముందు చక్రాలతోనే నడిచింది. పికప్‌లో బరువంతా వెనక తొట్టిలో పడుతుంది. లోడ్ వేసేకొద్దీ ముందు చక్రాల మీద భారం వాటా తగ్గి, రోడ్డు పట్టు సడలుతుంది. తడి మట్టిలో ఎత్తు ఎక్కించాల్సి వస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. కారు కోసం చేసిన యంత్రాన్ని ట్రక్కుకు అతికిస్తే వచ్చే ఇబ్బంది ఇది. ఏడాది తర్వాత వచ్చిన ఫోర్డ్ రేంజర్ ఎలక్ట్రిక్ పికప్‌లో మోటారును వెనక చక్రాల మధ్యే పెట్టారు. ట్రక్కు తయారుచేసే వాళ్ల ఆలోచన అందులో ఎక్కువ కనిపిస్తుంది.

బ్యాటరీ సంగతికొస్తే, మొదటి ఏడాది బండ్లలో సీసం-యాసిడ్ బ్యాటరీలే ఉన్నాయి. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే రకమే, కాకపోతే యాసిడ్ ఒలకకుండా మూసేసినవి. 12 వోల్టుల బ్యాటరీలు 26 వరసగా కలిపితే 312 వోల్టులు, అన్నీ కలిసి దాచుకునే కరెంటు 16.2 కిలోవాట్ అవర్లు, అంటే 16 యూనిట్ల పైచిలుకు. ఇంట్లో ఉండే 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి 1.8 యూనిట్లు పట్టుకుంటుంది. తొమ్మిది ఇన్వర్టర్ బ్యాటరీల కరెంటుతో ఒక ట్రక్కు నడవాలన్నమాట! శక్తి లెక్కలో చూస్తే అది రెండు లీటర్ల పెట్రోలుకు కూడా తూగదు. ఎలక్ట్రిక్ మోటారు పెట్రోలు ఇంజిన్ కన్నా మూడు నాలుగు రెట్లు పొదుపుగా వాడుకుంటుంది కాబట్టి, చేతికొచ్చే పనిలో ఆరేడు లీటర్లతో సమానం అనుకోవచ్చు. ఆరేడు లీటర్లు పట్టే ట్యాంకున్న ట్రక్కును ఊహించుకుంటే ఇబ్బంది అర్థమవుతుంది.

ఇన్వర్టర్ వాడే ప్రతి ఇంట్లో తెలిసిన విషయం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు వేసుకుంటే బ్యాటరీ నాలుగు గంటలు వస్తుందనుకుందాం. లోడు రెట్టింపు చేస్తే రెండు గంటలు రావాలి కదా? రాదు, అంతకన్నా ముందే ఆరిపోతుంది. సీసం బ్యాటరీ నుంచి కరెంటు ఎంత గబగబా తోడితే మొత్తం మీద అంత తక్కువ ఇస్తుంది. చలిలో ఇంకా తక్కువ. పైగా అడుగంటా వాడితే ఆయుష్షు పడిపోతుంది. ట్రక్కు విషయంలో వేగం పెరిగితే ఇదే జరుగుతుంది. గాలి ఎదురొత్తిడి ఎలాగూ పెరుగుతుంది, దానికి బ్యాటరీ గుణం కూడా తోడవుతుంది. అమెరికా ఇంధన శాఖ చేయించిన పరీక్షల్లో ఈ బండి గంటకు 72 కి.మీ. వేగంతో నిలకడగా వెళ్తే వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ నడిచింది. 97 కి.మీ. వేగంతో వెళ్తే అరవై దాటి కొద్దిగా వచ్చింది. ఆగుతూ, కదులుతూ తిరిగితే 70 దాకా. ఆ దేశంలో పనివేళల్లో ఒక్కసారి హైవే ఎక్కితే డ్రైవర్ కళ్లు మీటర్ మీదే ఉంటాయి. ముల్లు ఇరవై శాతానికి పడి, డిపో ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉంటే ఎవరికైనా టెన్షనే.

బరువు ఇంకో గొడవ. ఖాళీ బండే దాదాపు 1,900 కిలోలు తూగేది, మామూలు ఎస్-10 కన్నా అర టన్ను ఎక్కువ. ఛాసిస్ మోయగలిగే బరువుకు ఒక హద్దుంటుంది. అందులో బ్యాటరీ తన వాటా ముందే తీసేసుకుంటే సరుక్కి మిగిలింది 430 కిలోల దాకా, అందులోనే డ్రైవర్, పక్కన కూర్చునే మనిషి కూడా లెక్క. ఇనుప స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు వేసుకునే పని దీనితో కాదు. మీటర్లు, పనిముట్ల పెట్టె, నిచ్చెన, నాలుగు చుట్టల తీగ అయితే హాయిగా వెళ్తుంది.

చలి దేశం కాబట్టి క్యాబిన్ వెచ్చగా ఉంచడం ఇంకో సమస్య. పెట్రోలు బండిలో ఇంజిన్ వృథా వేడితోనే హీటర్ నడుస్తుంది. ఎలక్ట్రిక్ మోటారులో అంత వృథా ఉండదు, బ్యాటరీ నుంచి తీస్తే ఉన్న దూరం కాస్తా తగ్గుతుంది. అందుకని చలి బాగా ముదిరినప్పుడు వేడి కోసం చిన్న డీజిల్ హీటర్ పెట్టారు. పొగ లేని బండిలో డీజిల్ డబ్బా ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఉన్న పదహారు యూనిట్లూ చక్రాలకే దక్కాలన్న ఇంజినీర్ల ఆరాటం ఇందులో కనిపిస్తుంది, ఆ ఆరాటాన్ని మెచ్చుకోవాలి.

1998 మోడల్‌లో నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ వచ్చింది. దాచుకునే కరెంటు 29 యూనిట్లకు పెరిగింది. ఒక్కసారి చార్జింగ్‌తో నడిచే దూరం దాదాపు రెట్టింపైంది. ఖరీదు కూడా పెరిగింది, చార్జింగ్ సమయంలో ఈ రకం బాగా వేడెక్కేది, దాన్ని చల్లబరచడానికి మళ్లీ కరెంటు ఖర్చు. అయినా దీని మన్నిక మాత్రం మొండిది. ఎస్-10 గురించి కాకపోయినా, అదే రకం బ్యాటరీ ఉన్న టొయోటా రావ్4 ఎలక్ట్రిక్ బండ్లను సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే కరెంటు కంపెనీ తన ఫ్లీట్లో నడిపింది. దీర్ఘకాల పరీక్షకు పెట్టిన ఐదు బండ్లు లక్ష మైళ్లు, అంటే లక్షా అరవై వేల కిలోమీటర్లు దాటాయి. 1990ల నాటి బ్యాటరీతో ఫ్లీట్ బండి నడవగలదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఫ్లీట్ పనికీ బ్యాటరీకీ పొత్తు ఎందుకు బాగా కుదురుతుందో ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. సొంత కారు కొనేవాడు ఏడాదికి రెండుసార్లు వెళ్లే దూర ప్రయాణాన్ని మనసులో పెట్టుకుని కొంటాడు. మిగతా రోజులు ఇరవై కిలోమీటర్లే తిరిగినా సరే, ఆ రెండు ప్రయాణాలే అతని నిర్ణయాన్ని శాసిస్తాయి. ఫ్లీట్ మేనేజర్‌కు ఆ బాధ లేదు. ఏ బండి ఏ రూటులో ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో లాగ్‌బుక్‌లో ఉంటుంది. రోజుకు యాభై దాటని రూట్లు ఏరి వాటికి ఎలక్ట్రిక్ బండి వేస్తే సరిపోతుంది. దూరం వెళ్లాల్సిన రోజు షెడ్డులో పెట్రోలు బండి ఎలాగూ ఉంటుంది. సాయంత్రం అన్నీ ఒకే డిపోకు చేరతాయి, రాత్రంతా నిలబడే ఉంటాయి, రాత్రి కరెంటు చవక. 6.6 కిలోవాట్ల చార్జర్ మీద సీసం బ్యాటరీ నిండడానికి మూడు గంటలు చాలు. ఊరంతా చార్జింగ్ స్టేషన్లు ఉండాల్సిన పని కూడా లేదు, డిపోలో ఉంటే చాలు. కరెంటు కంపెనీలో రోజంతా ఆగుతూ, దిగుతూ, మళ్లీ స్టార్ట్ చేస్తూ తిరిగే పనికి పెట్రోలు ఇంజిన్ ఎంత ఇంధనం వృథాగా కాలుస్తుందో మెకానిక్‌లను అడిగితే చెబుతారు. ఎలక్ట్రిక్ బండి ఆగినప్పుడు ఏమీ తాగదు, బ్రేక్ వేసినప్పుడు కొంత వెనక్కి కూడా ఇస్తుంది.

ఫ్లీట్‌కు ఉండే చిక్కులూ వేరు. బండి ఒక్కరిది కాదు. ఈ రోజు నడిపిన మనిషి సాయంత్రం పలక దూర్చడం మరిచిపోతే, రేపు పొద్దున తాళం తీసుకునే మనిషి ఇరుక్కుంటాడు. షెడ్డులో మెకానిక్‌లు జీవితమంతా కార్బురేటర్లు, క్లచ్చులు చూసినవాళ్లు. 312 వోల్టుల తీగలు ముట్టుకోవాలంటే రబ్బరు గ్లోవ్స్, వేరే శిక్షణ కావాలి. అన్నిటికన్నా మించి, దేశం మొత్తం మీద ఐదు వందల లోపున్న బండికి ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి పోతే ఎక్కడ తెస్తారు? ధర చూస్తే 33 వేల డాలర్ల పైమాట, మామూలు ఎస్-10 ధరకు రెండింతలు దాటింది. అంత పెట్టిన బండి ఒక్క బోర్డు కోసం నెలల తరబడి షెడ్డులో నిలబడితే ఏ సంస్థకైనా నష్టమే.

చార్జర్ల గొడవ ఈ కష్టాన్ని మరీ పెంచింది. జనరల్ మోటార్స్ పలక చార్జింగ్‌ను పట్టుకుంది. ఫోర్డ్ రేంజర్ మాత్రం పిన్నులతో కలిసే అవ్కాన్ ప్లగ్‌ను వాడింది. పక్కపక్కనే రెండు కంపెనీల పికప్‌లు ఉన్న డిపోలో రెండు రకాల చార్జర్లు గోడకు బిగించాలి. ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. 2001లో కాలిఫోర్నియా బోర్డు పిన్నుల పద్ధతినే ప్రమాణంగా ఎంచుకుంది. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ పలక చార్జర్ల నుంచి తప్పుకుంది. పలక మీద ఖర్చు పెట్టిన వాళ్లందరి పెట్టుబడీ ఒక్క దెబ్బతో పాతబడిపోయింది. బండి బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది, గోడ మీది పెట్టె పాడైతే కొత్తది దొరకదు.

ఇక లీజుల సంగతి. గడువు తీరగానే బండ్లు కంపెనీకి తిరిగి వెళ్లాయి. విడిభాగాలు పదిహేనేళ్లు సరఫరా చేయాల్సిన భారం, పాత బ్యాటరీల బాధ్యత నెత్తిన పెట్టుకోవడం కంపెనీలకు ఇష్టం లేకపోయింది. నడుస్తున్న బండ్లను నలిపేశారు. ఫోర్డ్ కూడా 1998 నుంచి 2002 మోడళ్ల దాకా పదిహేను వందల దాకా రేంజర్లు చేసి, లీజు బండ్లను వెనక్కి పిలవడం మొదలుపెట్టింది. వాడుతున్న వాళ్లు ఊరుకోలేదు. 2005 జనవరిలో కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో ఫోర్డ్ డీలర్‌షిప్ దగ్గర రోజుల తరబడి నిరసన జరిగింది. మా బండి మాకు అమ్మండి అన్నదే వాళ్ల కోరిక. చివరికి ఫోర్డ్ దిగొచ్చి, అమ్మడానికి ఒప్పుకుంది. అలా మిగిలిన రేంజర్లలో కొన్నిటికి యజమానులు తర్వాతి రోజుల్లో లిథియం బ్యాటరీలు వేయించుకున్నారు. పాత సీసం తీసేయగానే వందల కిలోల బరువు తగ్గి, నడిచే దూరం పెరిగింది. మోటారు, ఛాసిస్ అప్పటివే. టొయోటా 2002లో రావ్4 ఎలక్ట్రిక్‌ను కాలిఫోర్నియాలో మూడు వందల పైచిలుకు మందికి అమ్మింది. వాటిలోనూ చాలా బండ్లు ఏళ్ల తరబడి తిరిగాయి. లీజుకే పరిమితమైన ఈవీ1లు మాత్రం, మ్యూజియాలకూ యూనివర్సిటీలకూ ఇచ్చిన కొన్ని తప్ప, నలిగిపోయాయి. ఒకే కాలం, ఒకే తరం బ్యాటరీలు. ఏ బండి బతకాలో, ఏది పోవాలో తేల్చింది రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉన్న పేరే.

ఇది బాధ పెట్టే విషయం. వందల కొద్దీ బండ్లు పోయాయన్నది ఒక్కటే అయితే కొన్నాళ్లకు మరిచిపోవచ్చు. వాటితోపాటు పోయిన సమాచారం ఇంకా విలువైనది. ఎనిమిదేళ్ల పాత ఎలక్ట్రిక్ పికప్ బ్యాటరీలో ఎంత శక్తి మిగులుతుంది? మూడో చేతికి వెళ్లిన బండిని ఊళ్లో మామూలు మెకానిక్ బాగుచేయగలడా? వేలంలో ఎంత పలుకుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు పాత బండ్ల మార్కెట్ నుంచే రావాలి. ఆ మార్కెట్ పుట్టకముందే బండ్లు తుక్కయ్యాయి.

అదే కొరత ఇప్పుడు మన రోడ్ల మీద కనిపిస్తోంది. 2022 మేలో టాటా మోటార్స్ ఏస్ ఈవీ అనే చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కును విడుదల చేసినప్పుడు మొదట ఒప్పందాలు చేసుకున్నది అమెజాన్, బిగ్‌బాస్కెట్, ఫ్లిప్‌కార్ట్ లాంటి సంస్థలతోనే. ఫ్లీట్ బండిగానే అది మొదలైంది. బ్యాటరీ 21.3 యూనిట్లు, అంటే ఎస్-10 రెండు బ్యాటరీల నడిమధ్య అంకె. లిథియం రకం కాబట్టి బరువు తక్కువ, 600 కిలోల సరుకు వేయొచ్చు, పరీక్షల లెక్క ప్రకారం 154 కి.మీ. నడుస్తుంది. రోజూ ఒకే గోదాము నుంచి బయల్దేరి అక్కడికే తిరిగొచ్చే పని, పాతికేళ్ల కిందట అమెరికా కరెంటు కంపెనీ పికప్ చేసిన పనికి చాలా దగ్గర. జహీరాబాద్‌లో మహీంద్రా తయారుచేసే ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటోలు తిరిగేదీ ఇలాంటి రూట్లలోనే.

చార్జర్ల కష్టం మనకూ తప్పలేదు. 2017లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ సర్కారు ఆఫీసుల కోసం పదివేల ఎలక్ట్రిక్ కార్లకు టెండర్ పిలిచింది. వాటికి భారత్ డీసీ-001 అనే 15 కిలోవాట్ల చార్జర్లు పెట్టారు. తర్వాత వచ్చిన కార్లు దాదాపు అన్నీ సీసీఎస్2 ప్లగ్‌కు మారిపోయాయి. పాత చార్జర్లు కొత్త కార్లకు పనికిరావు.

ఇక ఏస్ ఈవీకి అప్పు ఇచ్చే బ్యాంకు అధికారి ముందున్న ప్రశ్న మరీ సూటిగా ఉంటుంది. వాయిదాలు ఆగిపోయి, బండిని స్వాధీనం చేసుకోవాల్సి వస్తే, నాలుగేళ్ల పాత ఎలక్ట్రిక్ ట్రక్కు వేలంలో ఎంతకు పోతుంది? డీజిల్ ఏస్ అయితే గుంటూరులోనో వరంగల్‌లోనో ఏ బ్రోకర్‌ను అడిగినా బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, స్టార్ట్ చేసి ఇంజిన్ చప్పుడు విని, రేటు చెప్పేస్తాడు. ఎలక్ట్రిక్ బండికి చప్పుడు లేదు, బ్యాటరీ లోపల ఏముందో బయటికి కనిపించదు. అందుకే వడ్డీ కాస్త ఎక్కువ వేయొచ్చు, గడువు తక్కువ ఇవ్వొచ్చు, లేదంటే బ్యాటరీ హెల్త్ రిపోర్టు తెమ్మనొచ్చు. మొదట్లో అమ్మిన ఏస్ ఈవీలు ఇప్పుడిప్పుడే పాత బండ్ల యార్డులకు చేరే వేళ అవుతోంది.